చప్పరింపు వేరు, గుటక వేరు

"రోజంతా రొమ్ము దగ్గరే ఉంటోంది మేడమ్. ఒక్కోసారి గంటసేపు వదలదు. అయినా బరువు తగ్గిందంటున్నారు. నాకు పాలు లేవేమో కదా?"

ఫోన్‌లో ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న ఇది. పాప పుట్టి ఆ రోజుకు 11 రోజులు. తొలి కాన్పు. నేను డైపర్ల గురించి అడిగాను. నిన్న పొద్దున్నుంచి ఈ పొద్దుటి వరకు నాలుగు తడిశాయి. విరేచనం ఒక్కసారే, అదీ కొంచెం, ఆకుపచ్చగా. అయిదో రోజు దాటిన బిడ్డకు 24 గంటల్లో కనీసం 6 డైపర్లు బాగా తడవాలి, మూడు నాలుగు సార్లైనా పసుపు రంగు విరేచనం అవ్వాలి. ఇలాంటి కాల్ వస్తే మర్నాటికి వాయిదా వేయను. ముందు పిల్లల డాక్టరుకు చూపించి, అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి రమ్మన్నాను. బరువు పెరగని పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ ఉందా, కామెర్లు ఎక్కువయ్యాయా అన్నది నాలాంటి లాక్టేషన్ కన్సల్టెంట్, అంటే తల్లిపాలు పట్టించడంలో సాయం చేసే మనిషి, తేల్చే విషయం కాదు. డాక్టరు చూశారు. జ్వరం లేదు, కామెర్లు భయపడేంత లేవు, గుండె, ఊపిరి బాగున్నాయి. పాలు అందడం లేదు, అంతే అన్నారు.

ఈ కేసులో అరుదైన జబ్బేమీ లేదు. అందుకే రాస్తున్నాను. పాప ఎంతసేపు రొమ్ము పట్టుకుని ఉందో ఇంట్లో అందరూ లెక్క రాశారు, ఫోన్‌లో ఒక యాప్ కూడా పెట్టుకున్నారు. ఎన్ని గుటకలు వేసిందో మాత్రం ఎవరూ చూడలేదు. చూడాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నా దగ్గరికి 'పాలు చాలడం లేదు' అంటూ వచ్చే తల్లుల్లో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

అంతకుముందు జరిగింది

38 వారాలకు నొప్పులు మొదలయ్యాయి. దాదాపు 20 గంటల తర్వాత సిజేరియన్ చేయాల్సి వచ్చింది. పాప పుట్టిన బరువు 3,040 గ్రాములు. మొదటిసారి రొమ్ము పట్టించింది పుట్టిన అయిదు గంటలకు. మొదటి గంటలోపే పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సిజేరియన్ అయినా తల్లీబిడ్డా బాగుంటే ఆపరేషన్ టేబుల్ మీదే బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు. ఇక్కడ అది జరగలేదు. తర్వాతి రెండు రోజులూ పాప ఎక్కువగా నిద్రపోయింది. లేపి పట్టిస్తే నాలుగుసార్లు చప్పరించి మళ్ళీ పడుకునేది.

పాలు పడింది అయిదో రోజున. మొదట్లో వచ్చే ముర్రుపాలు చెంచాలతో కొలిచేంతే ఉంటాయి, మొదటి రోజున ఒక్కో విడతకు 2 నుంచి 10 మి.లీ. ఆ వయసు కడుపుకు అది సరిపోతుంది. ఆ తర్వాత, ప్రసవమైన రెండు నుంచి నాలుగు రోజుల్లో రొమ్ములు బరువెక్కి పాలు పొంగుతాయి. 72 గంటలు దాటినా పొంగకపోతే ఆలస్యం కింద లెక్క. తొలి కాన్పు, గంటల తరబడి నొప్పులు, సిజేరియన్, ఎక్కువ రక్తస్రావం, మధుమేహం, అధిక బరువు, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం కావచ్చు. ఈమెకు మొదటి మూడూ ఉన్నాయి. ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె నా వైపు చూసి, "అంటే నేనేదో తప్పు చేసినందుకు కాదా?" అంది. కాదు. ఆమె చేసిన తప్పేమీ లేదు.

ఇంకొన్ని ప్రశ్నలు నేను ఎప్పుడూ వదలను. గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు పెరిగాయా? పెరిగాయి. ఎప్పుడైనా రొమ్ముకు ఆపరేషన్ జరిగిందా? లేదు. థైరాయిడ్? ఈమధ్యే చేసిన రక్తపరీక్షలో మామూలుగానే ఉంది. ప్రసవం తర్వాత రక్తస్రావం ఎక్కువైందా, మాయ ముక్క ఏదైనా లోపల మిగిలిందేమోనన్న అనుమానం డాక్టరుకు కలిగిందా? అదీ లేదు. కొద్దిమంది తల్లుల్లో పాలగ్రంథులు నిజంగానే సరిగా ఎదగవు. కొందరికి హార్మోన్ల వల్ల పాలు తక్కువగా ఉంటాయి. అలాంటి తల్లిని పట్టుకుని "పట్టిస్తూ ఉండండి, పాలు అవే వస్తాయి" అని పంపేయడం అన్యాయం. అందుకే మొదటి అరగంట ఈ ప్రశ్నలకే పోతుంది.

నాలుగో రోజు డిశ్చార్జి అయినప్పుడు పాప బరువు 2,790 గ్రాములు. అంటే 8 శాతం తగ్గింది. మొదటి రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం మామూలే. పైగా నొప్పుల సమయంలో తల్లికి సెలైన్ బాగా ఎక్కించారు. ఆ నీరు కొంత బిడ్డకూ చేరి పుట్టిన బరువును కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి ఆ రోజు ఎవరూ కంగారు పడకపోవడాన్ని నేను తప్పుపట్టను. రెండు రోజుల్లో మళ్ళీ తూకం వేయిద్దామని ఎవరూ చెప్పకపోవడాన్ని తప్పుపడతాను. నాలుగో రోజు నుంచి పదకొండో రోజు వరకు పాపను ఎవరూ తూచలేదు. 10 నుంచి 14 రోజుల్లోపు బిడ్డ పుట్టిన బరువుకు తిరిగి రావాలి. నా తూకంలో ఆ పదకొండో రోజున పాప 2,740 గ్రాములు ఉంది. పుట్టిన బరువుకు 300 గ్రాములు తక్కువ.

మొదటి పదిహేను నిమిషాలు

"ఇంట్లో ఎలా ఇస్తారో అలాగే ఇవ్వండి" అని చెప్పి నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. చేయి పెట్టి సరిచేయాలని ఎంత అనిపించినా మొదటి విడత తాకను. తాకితే అసలు ఇంట్లో ఏం జరుగుతోందో నాకు ఎప్పటికీ తెలియదు.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కుట్లకు తగలకుండా పాపను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని తానే ముందుకు వంగింది. పాప ఒళ్ళు పైకి చూస్తోంది, మెడ మాత్రం పక్కకు తిరిగి ఉంది. మీరే ఒకసారి తల భుజం వైపు తిప్పి మంచినీళ్ళు మింగి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. రెండు వేళ్ళ మధ్య కుడి రొమ్మును కత్తెరలా పట్టుకుని చనుమొనను పాప నోట్లో పెట్టింది. పాప నోరు పూర్తిగా తెరవకముందే పెదాలు మూసుకున్నాయి. అంటే చిక్కింది చనుమొన ఒక్కటే, చుట్టూ ఉన్న నల్లటి భాగం బయటే ఉండిపోయింది. తల్లి ఏమీ అనలేదు గానీ కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. నొప్పి భరిస్తున్న తల్లిని నేను ముందుగా కాలివేళ్ళ దగ్గరే గుర్తుపడతాను.

ఒకటి రెండు నిమిషాలకు పాలు చేపుకొచ్చాయి. పాప ఆరేడు గుటకలు వేసింది. ఆ తర్వాత బుగ్గలు లోపలికి పీల్చుకుపోతూ, టక్ టక్‌మని నాలుక జారుతున్న చప్పుడు. ఇంకాసేపటికి అదీ పోయి గడ్డం కింద చిన్న వణుకు మాత్రం మిగిలింది. కళ్ళు మూసుకుపోయాయి.

"చూశారా, కడుపు నిండి పడుకుంది" అంది పక్కనే ఉన్న అమ్మమ్మ.

పదిహేను నిమిషాలకు పాప వదిలేసింది. బయటికి వచ్చిన చనుమొన గుండ్రంగా లేదు. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి, అంచున తెల్లటి గీత, దాని పక్కన పగులు. పట్టించే ముందు, పట్టించిన తర్వాత, అవే బట్టలు, అదే డైపర్‌తో పాపను తూచాను. ఇందుకు 2 గ్రాముల తేడా కూడా పట్టే తూకం కావాలి, ఇంట్లో వాడే మామూలు యంత్రం పనికిరాదు. తేడా 8 గ్రాములు. అంటే పదిహేను నిమిషాల్లో సుమారు 8 మి.లీ. పాలు.

ఆ అంకె చూసి తల్లి కళ్ళు నిండాయి. అప్పుడు గుటక అంటే ఏమిటో అందరికీ చూపించాను. బిడ్డ నోరు వెడల్పుగా తెరుచుకుంటుంది, గడ్డం బాగా కిందికి దిగుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత పైకి వస్తుంది. ఆ ఆగిన క్షణంలోనే నోటినిండా పాలు పడుతున్నాయి. చెవి దగ్గర పెడితే 'ఖ' అన్నట్టు మెత్తటి ఊపిరి వినిపిస్తుంది. పాలు బాగా వస్తున్నప్పుడు ఒకటి రెండు చప్పరింపులకు ఒక గుటక పడుతుంది. పది చప్పరింపులకు ఒకటి పడుతోందంటే పాప ఆడుకుంటోంది, లేదా అలిసిపోయింది. ఆ ఆగే క్షణం లేకుండా గంటసేపు కదిలే గడ్డం కడుపులోకి దాదాపు ఏమీ చేర్చదు. నేను ప్రతి తల్లికీ చెప్పే మాట ఆమెకూ చెప్పాను: గడియారం పక్కన పెట్టండి, గడ్డం చూడండి.

ఎడమ వైపు

ఈసారి నేను సాయం చేశాను. వెనక్కి వాలే కుర్చీలో దిండ్లు పెట్టి, ఆమెను సగం పడుకున్నట్టు వాల్చి కూర్చోబెట్టాను. పాపను కుట్లకు దూరంగా, ఏటవాలుగా, పొట్ట తల్లి ఒంటికి ఆనేలా బోర్లా పడుకోబెట్టాం. ఇలా ఉంటే బిడ్డ బరువును తల్లి ఒళ్ళే మోస్తుంది, చేతులు ఖాళీ అవుతాయి. బిడ్డకూ మెడ నిటారుగా ఉంటుంది. ముక్కు చనుమొనకు ఎదురుగా, గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. తల వెనక నుంచి నొక్కకూడదు, నొక్కితే బిడ్డ తలను వెనక్కి విసురుతుంది. భుజాల మధ్య చేయి ఆనించి వేచి ఉండాలి. పాప రెండుసార్లు తల అటూ ఇటూ ఆడించింది, మూడోసారి ఆవలించినట్టు నోరు తెరిచింది. అప్పుడు భుజాలు దగ్గరికి లాగమన్నాను. కింది పెదవి బయటికి విచ్చుకుంది. చనుమొనకు పైన నల్లటి భాగం కొంచెం కనిపిస్తోంది, కింద దాదాపు కనిపించడం లేదు. పట్టు సరిగ్గా పడినప్పుడు ఉండే తీరు అదే.

"నొప్పి?" అని అడిగాను. ఆమె కాసేపు ఆగి, "లాగుతున్నట్టుంది. నొప్పి కాదు" అంది.

గుటకలు వరసగా పడ్డాయి. నెమ్మదించినప్పుడు రొమ్మును అరచేతితో, చనుమొనకు దూరంగా, మెల్లగా నొక్కి పట్టుకోమన్నాను. పాలధార మళ్ళీ అందేసరికి పాప మళ్ళీ గుటకలు వేసింది. పన్నెండు నిమిషాలకు తూచితే 26 గ్రాములు.

రెండు వైపులా కలిపి 34. ఆ వయసు బిడ్డకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. కావాలి. ఈ పాపకు 410 మి.లీ. రోజుకు ఎనిమిది నుంచి పది విడతలనుకుంటే ఒక్కో విడతకు 40 నుంచి 50 అందాలి. ఇంట్లో పాత పద్ధతిలో అందులో సగం కూడా అంది ఉండదు. ఒక్క విడత తూకంతో ఏదీ తేల్చకూడదు, ఏ బిడ్డా ప్రతిసారీ ఒకేలా తాగదు. కానీ వారం రోజుల బరువు, డైపర్లు, ఈ తూకం మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

పాలు ఎందుకు తగ్గాయో ఇప్పుడు చెప్పడం తేలిక. బయటికి వెళ్ళిన పాలను బట్టే రొమ్ము కొత్త పాలు తయారు చేస్తుంది. బిడ్డలు సగటున ఉన్న పాలలో మూడింట రెండు వంతులే తాగుతారు, రొమ్ము ఎప్పుడూ ఖాళీ కాదు. కానీ అందులో కొంచెమే తాగి మిగతాది వదిలేస్తుంటే, నిండిన రొమ్ము తయారీని తగ్గించుకుంటుంది. రెండు రొమ్ములూ దేనికది ఈ లెక్క చూసుకుంటాయి. పగులు వల్ల కుడి వైపు ఈమె తక్కువ ఇస్తూ వచ్చింది, కుడి వైపే ఎక్కువ తగ్గింది. పాలు తగ్గేకొద్దీ పాప ఓపిక తగ్గింది, ఓపిక తగ్గేకొద్దీ రొమ్ము మీద నిద్ర పెరిగింది. రోజంతా నోట్లో రొమ్ము ఉంది, కడుపులో పాలు లేవు.

ఇక టంగ్ టై, అంటే నాలుక కింది తీగ బిగుసుకుని నాలుక సరిగా కదలకపోవడం, దాని సంగతి. నాలుక కింద తీగ కట్ చేయించాలని వీళ్ళకు ఎవరో అప్పటికే చెప్పారు. తీగ కనిపిస్తోంది, నిజమే. కానీ తీగ కనిపించడం వేరు, నాలుక కదలకపోవడం వేరు. వేలు పెట్టి చూస్తే పాప నాలుక కింది చిగురు దాటి ముందుకొస్తోంది, నోట్లో సగానికి పైగా పైకి లేస్తోంది, వేలి వెంట పక్కలకు తిరుగుతోంది, వేలి చుట్టూ దొన్నెలా మడుచుకుంటోంది. పట్టు మార్చగానే నొప్పి పోయి 26 గ్రాములు తాగిన బిడ్డకు వెంటనే కత్తెర పెట్టాలని నేను చెప్పలేను. రెండు వారాలు చూద్దామన్నాను. నాలుక నిజంగా బిగుసుకుపోయి, పట్టు ఎంత సరిచేసినా పగుళ్ళు మానని బిడ్డలను నేనే డాక్టరు దగ్గరికి పంపిన సందర్భాలున్నాయి. ఇది అలాంటిది కాదనిపించింది. చివరికి అవసరం రాలేదు కూడా.

డబ్బాపాల దగ్గర

ప్లాన్‌లో నేను మొదట రాసింది బిడ్డ కడుపు నింపడం. పాలు పెంచడం, పట్టు నేర్పడం దాని తర్వాతే. ప్రతి విడత తర్వాత 30 మి.లీ. అదనంగా పట్టాలి, తాగితే ఇంకొంచెం. పిండిన తల్లిపాలు ఉంటే ముందు అవి, మిగతాది డబ్బాపాలు.

ఆమె ముఖం మాడిపోయింది. డబ్బాపాలు పట్టకూడదని గర్భంతో ఉన్నప్పుడే అనుకుందట. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్న మాటను నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను, నా వృత్తే అది. కానీ ఆకలితో నీరసించిన బిడ్డ రొమ్ము పట్టడం నేర్చుకోలేదు. ఇక్కడ డబ్బాపాలు మందులాంటివి. ఇంత మోతాదు, ఇన్ని రోజులు, ఈ కారణానికి అని రాసిచ్చి, ఆపే దారి కూడా ముందే చెప్పాలి. మోతాదు చెప్పకుండా "పైపాలు పట్టండి" అని పంపడం వల్లే రొమ్ము మానేసిన బిడ్డలు ఎక్కువ.

పట్టేది ఎలా అన్నది కూడా చూపించాను. రొమ్ము దగ్గర సన్నటి ట్యూబు పెట్టి పట్టే పద్ధతి ప్రయత్నించాం, ఆమెకు చేతులు చాలక టెన్షన్ పడింది. బాటిలే మేలనుకున్నాం. నెమ్మదిగా కారే నిపుల్, పాపను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, బాటిల్‌ను అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ. 30 మి.లీ.కి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు. ఈ పని పాప తండ్రి తీసుకున్నాడు.

ఇక పాలు పిండే పంపు. ప్రతి విడత తర్వాత రెండు రొమ్ములూ పంపు చేయాలి, రోజుకు ఎనిమిదిసార్లు అని రాసిచ్చాను.

నేను చేసిన పొరపాట్లు

రెండు రోజుల తర్వాత, 13వ రోజున పాప 2,825 గ్రాములు. 85 గ్రాములు పెరిగింది. డైపర్లు ఏడు. నాకు సంతోషమేసింది. తల్లి మాత్రం మాట్లాడలేకపోయింది, ఏడుస్తూ కూర్చుంది.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను, మొదటి రోజే వేయాల్సిన లెక్క. రొమ్ము పట్టించడానికి 40 నిమిషాలు, బాటిల్‌కు 15, పంపుకు 20, కడగడానికి 15. మొత్తం గంటన్నర. రోజుకు ఎనిమిదిసార్లంటే 12 గంటలు. కుట్లు ఇంకా మానని బాలింతకు నేను రాసిచ్చిన ప్లాన్ అది. పాలు పెంచాలన్న ఆత్రంలో ఆ పాలు తయారు చేసే మనిషి సంగతి మరిచిపోయాను. ఈ మాట ఆమెతోనే చెప్పి క్షమించమని అడిగాను.

ప్లాన్ మార్చాం. రొమ్ము దగ్గర రెండు వైపులా కలిపి అరగంట, అదీ గుటకలు పడుతున్నంతసేపే. తండ్రి బాటిల్ పడుతుండగానే ఆమె పంపు చేసుకోవాలి, పావుగంట చాలు, రోజుకు ఆరుసార్లు. పంపు భాగాలు రెండు సెట్లు ఉంటే కడగడం రెండో మనిషి చూసుకోవచ్చు. రాత్రి ఒక విడత పిండిన పాలు అమ్మమ్మ పడుతుంది, తల్లి వరసగా అయిదు గంటలు పడుకోవాలి. పాలు తయారీని నడిపించే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుందని, రాత్రి విడత వదలొద్దని మేం చెబుతుంటాం. అది నిజమే. అయినా ఈ తల్లికి ఆ వారం నిద్రే ఎక్కువ అవసరమని నేను నిర్ణయించాను, ఇప్పటికీ అదే సరైందని అనుకుంటున్నాను. భయం, నొప్పి, అలసట ఉన్నప్పుడు ఆక్సిటోసిన్ సరిగా పనిచేయదు. అది లేకపోతే ఉన్న పాలు కూడా చేపుకు రావు.

రెండో పొరపాటు 17వ రోజున బయటపడింది. రోజుకు ఆరుసార్లు పంపు చేస్తున్నా, రెండు వైపులా కలిపి ఒక్కోసారి 20 మి.లీ. దాటడం లేదు. "పంపు తీసుకురండి, నా ముందు చేయండి" అన్నాను. పంపుతో వచ్చిన, రొమ్ముకు ఆనించే గరాటు 24 మిల్లీమీటర్లది. ఆమె చనుమొన కొలిస్తే 15. గరాటు అంత వెడల్పు ఉండేసరికి చనుమొనతోపాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి లాక్కుపోయి వాచిపోతోంది. 17 మిల్లీమీటర్లది పెట్టి చూశాం. అక్కడే 34 మి.లీ. వచ్చాయి, నొప్పి లేకుండా. మొదటి రోజు పంపు కొనుక్కోమని చెప్పి, ఎలా వాడుతోందో చూడకుండా పంపించాను. ఆరు రోజులు ఆమె తన ఒంట్లో పాలు లేవని నమ్మింది, నేను కూడా కొంత నమ్మాను. ఇప్పుడు చనుమొన కొలవకుండా నేను ఏ తల్లికీ పంపు రాయను.

అదే రోజు ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇచ్చాను. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌ను ముందుగా పసిగట్టడానికి 1987లో తయారైన 10 ప్రశ్నలవి, మొత్తం 30కి లెక్క. ఆమెకు 11 వచ్చింది. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించిన పదో ప్రశ్నకు సున్నా. అయినా 10 దాటితే డాక్టరుతో మాట్లాడించాలన్నది నా పద్ధతి. భర్తను కూర్చోబెట్టి ఇది ఆమె బలహీనత కాదని చెప్పాను. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు.

ఆ తర్వాత

17వ రోజు పాప 2,960 గ్రాములు ఉంది, 21వ రోజున 3,080. పుట్టిన బరువు దాటింది. ఆ వయసులో రోజుకు 20 నుంచి 35 గ్రాములు పెరగాలి, పాప 30 చొప్పున పెరుగుతోంది. గరాటు మారిన దగ్గర్నుంచి పిండిన పాలు రోజుకు 200 మి.లీ. వరకు వచ్చాయి. 22వ రోజు నుంచి డబ్బాపాలు అవసరం పడలేదు.

మధ్యలో, 19వ రోజున, కుడి రొమ్ములో ఒకచోట గట్టిపడి ఎర్రబడింది. గడ్డ కరిగేదాకా గట్టిగా మర్దన చేయమని ఎవరో చెప్పారట, చేస్తే ఇంకా వాచింది. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ సవరించిన మార్గదర్శకాలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అది లోపలి వాపు, పిసికితే పెరుగుతుంది. మర్దన ఆపి, చల్లటి కాపడం పెట్టి, డాక్టరు రాసిన ఐబుప్రొఫెన్ వేసుకుంటూ పాపకు మామూలుగానే పట్టించమన్నాను. అదనంగా పంపు చేయొద్దన్నాను. రెండు రోజుల్లో తగ్గింది. జ్వరం రాలేదు, యాంటీబయాటిక్ అవసరం పడలేదు.

బాటిల్ తీసేయడం మొదలుపెట్టింది 21వ రోజున. అప్పటి తూకంలో పాప ఒక విడతలో రెండు వైపులా కలిపి 52 గ్రాములు తాగింది. పొద్దున పాలు ఎక్కువగా ఉంటాయి, కాబట్టి పొద్దుటి విడతల తర్వాత బాటిల్ ముందు ఆపాం. రెండు మూడు రోజులకు డైపర్లు, బరువు చూసి మధ్యాహ్నానివి. సాయంత్రం రెండు విడతల బాటిల్ చివరిదాకా ఉంచాం. సాయంత్రాలు పాప గొడవ చేస్తుంది, గంటలో మూడుసార్లు అడుగుతుంది. చాలామంది బిడ్డలు చేస్తారు. అది పాలు లేకపోవడం కాదని మామూలుగా చెప్పేస్తాం గానీ, ఒకసారి బిడ్డ ఆకలితో ఉండిపోయిందని తెలిసిన తల్లికి ఆ మాట అంత సులువుగా నమ్మబుద్ధి కాదు. అందుకని ఒక సాయంత్రం ఆమెను రమ్మని, ఏడుస్తున్న పాపకు పట్టించి తూచాను. 31 గ్రాములు. గంట క్రితమే తాగి వచ్చిన బిడ్డ అది. ఆ అంకె చూశాక ఆమె భుజాలు దిగాయి.

28వ రోజు 3,290 గ్రాములు. 42వ రోజు 3,690. రెండోసారి ఇచ్చిన ప్రశ్నావళిలో ఆమెకు 5 వచ్చింది. పంపు దాదాపు మానేసింది. రాత్రి ఒక విడత మాత్రం పిండిన పాలు తండ్రే పడుతున్నాడు. అవసరం లేదని చెప్పాను, తనకు ఇష్టమన్నాడు.

ఆ చివరి రోజున పాప కుడి వైపు తాగుతుండగా అమ్మమ్మ పక్కకు వంగి గడ్డం వైపే చూస్తోంది. "ఇప్పుడు చప్పరిస్తోందంతే, గుటకలు లేవు. అటు మార్చు" అంది కూతురితో. నేను అప్పుడే అదే మాట అనబోతున్నాను.

కుడి రొమ్ములో పాలు ఎడమ దానికంటే ఇప్పటికీ తక్కువే. మొదటి రెండు వారాల్లో కోల్పోయింది పూర్తిగా తిరిగి రాలేదు. ప్రతి విడతా కుడి వైపు మొదలుపెట్టమని చెప్పాను. మళ్ళీ గర్భం వస్తే నెలలు నిండకముందే ఒకసారి నా దగ్గరికి రావాలని, ప్రసవమైన ఆరో రోజుకు బిడ్డ తూకం తప్పకుండా వేయించాలని ఆమె ఫైల్లో రాసి, అదే కాగితం ఇంకో కాపీ ఆమె చేతికిచ్చాను.